తలకోన కుంకుళ్లు, తిరుమల గుండు

మహాశివరాత్రి దాటిందంటే మా చిత్తూరు వైపు మామిడి తోటల్లో పిందె నిలిచిందా, రాలిందా అన్న లెక్కలు మొదలవుతాయి. అడవి అంచు ఊళ్లలో ఇంకో పని సాగుతుంటుంది. కుంకుడు కాయలు ఏరుకొచ్చి పట్టల మీద ఎండబోస్తారు. ఈసారి ఆ పని జరిగే చోటికే పోయి చూద్దామని బయల్దేరాను. తోడుగా మా అక్క కూతురు. ఆ పిల్లకు తిరుమలలో తలనీలాల మొక్కు ఉంది. మొక్కు తీర్చుకునేలోపు తన నెత్తికి ఏది పడుతుందో, ఏది పడదో తేల్చుకోవాలని ఇద్దరికీ పట్టుదల. చిత్తూరు నుంచి పీలేరు, భాకరాపేట మీదుగా తలకోన, అక్కణ్నుంచి తిరుపతి, ఆపైన కొండ. ఇదీ మా దారి.

ఆమె బాధ ఎప్పటినుంచో ఉన్నదే. తలస్నానం చేసిన సాయంత్రానికి మాడు మంట, మర్నాటికి చెవుల వెనక ఎర్రగా పొక్కడం, ఆ తర్వాత పొట్టు రాలడం. అందరూ చుండ్రు అన్నారు. చుండ్రు షాంపూ రాస్తే మంట రెట్టింపయింది. చివరికి ఒక చర్మవైద్యురాలు పట్టీల పరీక్ష చేశారు. అనుమానమున్న పదార్థాలను కొద్దికొద్దిగా వీపు మీద అంటించి, 48 గంటలు ఉంచి తీస్తారు. మరో రెండు రోజులకు మళ్లీ చూస్తారు. ఎక్కడ దద్దురు లేస్తే ఆ పదార్థం ఒంటికి పడదని అర్థం. ఈ పిల్లకు జుట్టు రంగుల్లో ఉండే పారాఫినైలిన్ డయామిన్ దగ్గర లేచింది, సెంట్ల మిశ్రమం దగ్గర లేచింది, మిథైల్ ఐసోథయజోలినోన్ అనే నిల్వమందు దగ్గర కూడా లేచింది. ఈ మూడోదాన్ని 2013లో అమెరికా చర్మవైద్యుల సంఘం ఒకటి ఆ ఏటి ముఖ్యమైన అలర్జీ కారకంగా ప్రకటించింది. 2017 నుంచి ఐరోపా సమాఖ్య, ఒంటికి రాసి వదిలేసే క్రీముల్లో దాన్ని నిషేధించింది. కడిగేసే సరుకుల్లో చాలా తక్కువ మోతాదుకు కట్టడి చేసింది. మా పిల్ల వాడుతున్న సీసా మీద ఆకుల బొమ్మ ఉంది, పువ్వుల బొమ్మ ఉంది. వెనక చిన్న అక్షరాల్లో ఆ నిల్వమందు పేరూ ఉంది. ఏ కంపెనీ అన్నది ఇక్కడ అనవసరం.

చిత్తూరు బజారు వీధిలో నాటు సరుకుల అంగడికి ముందు పోయాం. గోనె సంచుల్లో కుంకుళ్లు, శీకాయ, ఎండు ఉసిరి, మెంతులు, ఎండబెట్టిన మందార పూలు, కచ్చూరాలు, వట్టివేళ్లు వరసగా పెట్టి ఉన్నాయి. చిత్తూరు అటు తమిళనాడుకు, ఇటు కర్ణాటకకు దగ్గర కాబట్టి మూడు భాషల వాళ్లూ ఆ అంగడికి వస్తారు. తలకు పొడి కావాలంటే అంగడాయన నిముషంలో చిట్టా చెప్పేశాడు. శీకాయ, పెసలు, మెంతులు, కరివేపాకు, ఎండిన నిమ్మతొక్క, కొంచెం కచ్చూరాలు. అన్నీ కలిపి మిల్లులో ఆడించుకోవాలి. బాగున్న తలకు ఇది చక్కటి పొడి. ఎర్రబడ్డ మాడుకు మాత్రం నేను ఒప్పుకోలేదు. నిమ్మతొక్కలోనూ కచ్చూరాల్లోనూ ఉండేవి సువాసన నూనెలు. సెంటు పడని మనిషికి చెట్టు నుంచి వచ్చిన సెంటు కూడా పడకపోవచ్చు. చర్మానికి కావలసింది ఆ అణువు ఏమిటన్నదే తప్ప అది ఫ్యాక్టరీలో పుట్టిందా, చెట్టున పుట్టిందా అన్నది కాదు. పైగా మిల్లులో ఆడించిన శీకాయలో బరక మిగులుతుంది. దాన్ని ముద్దగా కలిపి మాడు మీద రుద్దితే, పొక్కిన చర్మం ఇంకాస్త గీరుకుపోతుంది.

"వడగట్టి రసం మాత్రం పోసుకుంటే?" అని అడిగింది పిల్ల.

"అట్ల ఎవురూ చేసుకోరమ్మా, పొడంతా యేస్ట్ అయిపోతాది కదా," అన్నాడాయన.

ఆ వడగట్టడం అన్న మాటే మా దారి పొడుగునా పదేపదే ఎదురయింది.

పీలేరు దాటి భాకరాపేట వైపు తిరిగితే కొండలు దగ్గరవుతాయి. రోడ్డుకు రెండు వైపులా మామిడి, వేరుశనగ కోసేసిన ఖాళీ చేలు, గట్ల మీద అక్కడక్కడా పెద్ద కుంకుడు చెట్లు. తలకోన ఉన్నది శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కులో. 1989లో ఆ పార్కు ఏర్పడింది. 2010లో శేషాచలం కొండలన్నిటినీ జీవావరణ రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. పార్కు లోపల ఆకు కూడా కోయకూడదు. అందుకే బయట పొలం గట్ల మీద, ఇళ్ల వెనక ఉన్న చెట్ల కాయలే నేరబైలు చుట్టుపక్కల ఎండుతూ కనిపించాయి. నేరబైలు తలకోనకు ముందొచ్చే ఊరు. అక్కడ ఒక ఇంటి ముందు ముసలామె కాయలు తిరగేస్తుంటే ఆగాం. పండినప్పుడు పచ్చటి తేనె రంగులో మెత్తగా ఉండే కాయ, ఎండేకొద్దీ ముదురు గోధుమ రంగుకు తిరిగి ముడతలు పడుతుంది. కదిపితే లోపల గింజ గలగలమంటుంది. ఆమె మమ్మల్ని కూర్చోబెట్టి నీళ్లిచ్చింది. పిల్ల నెత్తి చూపించమంది. చూసి కాసేపు ఏమీ అనలేదు.

"దీనికి కుంకుడు ఇప్పుడే పెట్టొద్దు తల్లీ. పుండు మీద పెడితే కారం చల్లినట్టుంటాది. ఎరుపు తగ్గినాక పెట్టు," అంది.

"తగ్గినాక ఎట్ల పెట్టుకోవాలవ్వా?"

"గింజతో కొట్టొద్దు. గింజ తీసేసి పొట్టు మాత్రం రేత్రి నీళ్లలో యేసి పెట్టు. పొద్దున పిసికి, గుడ్డలో రెండు తూర్లు వడగట్టు. దానికి ఇంకా రెండింతలు నీళ్లు పొయ్యి. ఉడకేస్తే నురగ బాగొస్తాది, ఘాటు కూడా ఎక్కుతాది. మాకు నూనె జిడ్డు పోవాల కాబట్టి మేం ఉడకేస్తాం. నీకెందుకు?"

ఆమె చెప్పిన ఒక్కో మాట వెనకా కారణం ఉంది. నురగనిచ్చే సాపొనిన్లు ఎక్కువగా ఉండేది కాయ కండలో. సాపొనిన్ అణువుకు ఒక కొన జిడ్డును పట్టుకుంటుంది, ఇంకో కొన నీళ్లను పట్టుకుంటుంది. షాంపూలో రసాయనం చేసే పనీ అదే. అయితే జీవకణం చుట్టూ ఉండే పొర కూడా కొవ్వుతో చేసిందే కాబట్టి చిక్కటి సాపొనిన్ దాన్ని కూడా చీల్చగలదు. కంట్లో కుంకుడు రసం పడితే ప్రాణం ఎందుకు పోతుందో, మొప్పలతో ఊపిరి పీల్చే చేపలకు అది ఎందుకు విషమో ఇక్కడే తెలుస్తుంది. సాపొనిన్ ఉన్న చెట్ల సారాన్ని మడుగుల్లో కలిపి చేపలు పట్టడం ప్రపంచంలో చాలా చోట్ల ఉన్న పద్ధతి. ఆయుర్వేదంలో అరిష్టకమనే పేరుతో కుంకుడును వాంతి చేయించడానికి వాడారు. ఇంత బలమున్న కాయను, ప్రకృతి ఇచ్చింది కదా అని ఎలా పడితే అలా నెత్తికి రుద్దుకోవడం మంచిది కాదు. దాన్ని సౌమ్యంగా మార్చేది నానబెట్టడం, వడగట్టడం, పలచన చేయడం, నెత్తి మీద ఎక్కువసేపు ఉంచకపోవడం. మన పెద్దవాళ్లకు ఈ పని తెలుసు. ఈ కాయకు దక్కిన మంచి పేరంతా వాళ్ల చేతిపని వల్ల వచ్చిందే.

నేను వెంట పులుపు తేల్చే పీహెచ్ కాగితాలు తీసుకుపోయాను. అంకె తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ. ఆమె గిన్నెలో నానిన కుంకుడు నీళ్లలో ముంచితే రంగు 4కూ 5కూ మధ్య ఆగింది. ఆ ఇంట్లోనే ఒంటికి వాడే సబ్బు నురగలో ముంచితే 9 దాటింది. ఆరోగ్యంగా ఉన్న మాడు చర్మం పీహెచ్ 5.5 దగ్గర ఉంటుంది. వెంట్రుకది ఇంకా తక్కువ, 3.67. సబ్బు ఆ పులుపును చెరిపేస్తే చర్మం పైపొర వదులవుతుంది, వెంట్రుక పైనుండే పొలుసులు లేస్తాయి. చిక్కులు పడేది అందుకే. కుంకుడుతో ఆ బెడద లేదు. మా చిత్తూరు బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. సబ్బు ఆ సున్నంతో కలిసి తెల్లటి మడ్డిగా జుట్టుకు పట్టుకుంటుంది. కుంకుడు నీళ్లకు అలా మడ్డి కట్టదు. ఉప్పు నీళ్ల బోర్లున్న ఊళ్లలో ఆడవాళ్లు ఇప్పటికీ కుంకుడు వదలకపోవడానికి ఇది పెద్ద కారణమని నా నమ్మకం.

బజారులో షాంపూల సంగతి మాత్రం ఇంత సూటిగా ఉండదు. 2014లో బ్రెజిల్ వైద్యులు 123 షాంపూలకు పీహెచ్ చూసి ఒక పత్రం ప్రచురించారు. అందులో 5.5కు లోపల ఉన్నవి 38 శాతమే.

ముసలామె ఇంటి వెనక నుంచి చిగర ఆకు పొడి తెచ్చి చూపించింది. చిగర మా మెట్ట అడవుల్లో ఎక్కడైనా కనిపించే చెట్టు, ఆకు సన్నగా చింతాకులా ఉంటుంది. సరిహద్దు దాటితే తమిళులు దీన్నే అరప్పు పొడి అని అమ్ముతారు. నీడన ఎండబెట్టి దంచి, నీళ్లలో కలిపితే జిగటగా తేలుతుంది. నురగ కొంచెమే.

"మా పిల్లోళ్లకు ఇదే. కుంకుడు పెద్దోళ్లకు," అందామె.

నాకు ఆ మాట బంగారంలా తోచింది. ఎంత నురగొస్తే అంత శుభ్రమని అందరికీ అలవాటు చేసేశారు. నురగకూ శుభ్రతకూ అంత సంబంధం లేదు. తలలో నూనె లేనప్పుడు ఈ జిగట నీళ్లు చాలు. మందారాకు పిసికినా, మెంతులు నానబెట్టి రుబ్బినా వచ్చే జిగట ఇలాంటిదే. అది వెంట్రుక మీద పలచగా పరుచుకుని రాపిడి తగ్గిస్తుంది. కాయలు ఒక పడి, చిగర పొడి ఒక పొట్లం తీసుకున్నాం. ఆమె అడిగిన ధరకు బేరమాడలేదు.

తలకోనలో ఎండాకాలం ముందు జలపాతం సన్నబడుతుంది. 270 అడుగుల ఎత్తు నుంచి పడే ధార గాలికి చెదిరి జల్లుగా వస్తుంది. సిద్ధేశ్వరస్వామి గుడి దగ్గర శివరాత్రి తిరునాళ్ల ఆనవాళ్లు ఇంకా పోలేదు. గుడి దాటి అడవిలోకి నడిస్తే గిల్లతీగ కనిపిస్తుంది. చెట్టు బోదెంత లావున తీగలు నేల మీద మెలికలు తిరిగి, ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు పాకి, ఎక్కడ మొదలయిందో ఎక్కడ ముగిసిందో తెలియకుండా సాగిపోతాయి. కాయలు మీటరు దాకా పొడుగు, గింజలు నున్నగా పెద్దవి. ఈ తీగకు దగ్గర చుట్టం ఒకటి ఫిలిప్పీన్స్‌లో ఉంది. దాని బెరడును అక్కడివాళ్లు గూగో అంటారు. బెరడు చితక్కొట్టి నీళ్లలో నానబెట్టి, నురగ తీసి తల కడుక్కోవడం వాళ్లకు తరతరాల అలవాటు. శేషాచలంలో కుంకుడు, ఎక్కడో సముద్రాల అవతల గిల్లతీగ చుట్టం. రెండింట్లోనూ పనిచేసేది సాపొనిన్లే. ఆ సంగతి చెబితే మా పిల్ల తీగ మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది.

ఈ కొండల చుట్టూ ఉన్న యానాదులకు తేనె, చింతపండు, కుంకుడు, మూలికలు బతుకుదెరువు. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ ఇలాంటి అటవీ ఫలసాయాన్ని గిరిజనుల దగ్గర కొని అమ్ముతుంది. కాయ కొనేటప్పుడు మధ్యవాడి చేతికి కాకుండా ఏరినవాళ్ల చేతికి డబ్బు చేరే దారి చూసుకోవాలని నేను గట్టిగా అనుకుంటాను. ఎండలో కాయలు ఏరి, రాళ్లు తీసి, తిరగేసి ఎండబెట్టే ఆ శ్రమకు దొరికేది చాలా తక్కువ.

రాత్రి బసలో గింజలు తీసి పొట్టు నానబెట్టాం. పొద్దున వడగట్టి పలచన చేసి నా తల మీద పోసుకున్నాను. పిల్లకు చిగర నీళ్లు మాత్రం, అదీ మోచేతి మడతలో రాసి. చర్మవైద్యురాలు చెప్పిన పద్ధతి ఇది. కొత్త సరుకు ఏదైనా, పొయ్యి మీద వండినదైనా బజారులో కొన్నదైనా, ముందు మోచేతి లోపలి వైపు ఒకే చోట రోజూ పలచగా రాసి, కాసేపుంచి కడిగేసి, వారం పాటు చూడాలి. దురద రాకపోతే అప్పుడు చెవి వెనక, ఆ తర్వాతే తల. కుంకుడు నీళ్లు వాగులో కలవకుండా దూరంగా మట్టిలో పారబోశాం. వాగులో చేపలున్నాయి.

నా జుట్టు ఆరాక గరుకుగా అనిపించింది. కుంకుడుతో అంతే, షాంపూలో ఉండే సిలికోన్ నునుపు ఇందులో రాదు. మాడు మాత్రం హాయిగా ఉంది. మిగిలిన కుంకుడు నీళ్లు సాయంత్రానికే పులిసిన వాసన కొట్టాయి. నీళ్లుండే ప్రతి సరుకుకూ ఈ గతి తప్పదు. సీసాలో ఏడాది నిలవాలంటే ఏదో ఒక నిల్వమందు వేయక తప్పదు. ఆ మందు పడని మనిషికి మేలైన దారి, నీళ్లు లేని ఎండు సరుకు ఉంచుకుని, ఏ రోజు తల కడిగితే ఆ రోజుకే కలుపుకోవడం.

భాకరాపేట ఘాట్ దిగి రంగంపేట మీదుగా తిరుపతి చేరాం. గాంధీ రోడ్డులో మందుల అంగళ్లు తిరిగి సీసాల వెనకవైపు చదవడమే ఆ పూట మా పని. ఈ ప్రాంతంలో సీసాలకంటే ముందు వచ్చింది సాచెట్. 1983లో కడలూరులో సి.కె. రంగనాథన్ మొదలుపెట్టిన చిక్ షాంపూ చిన్న పొట్లాల్లో పల్లెలకు చేరాక, వారానికొకసారి కుంకుడు కొట్టే ఓపిక ఇళ్లలో తగ్గింది. కూలికి పోయే ఆడవాళ్లకు అది మిగిల్చిన సమయం తక్కువది కాదు. నేను దాన్ని తప్పుపట్టను. సీసా వెనక అక్షరాలు చదవగలిగేలా ఉండాలన్నదే నా పట్టు.

మామూలు షాంపూ మీద పదార్థాలన్నీ ఎక్కువ పాళ్లున్నవి ముందు, తక్కువవి తర్వాత అన్న వరసలో రాయాలి. ఒక శాతం లోపలివి చివర్లో ఎలాగైనా రాయొచ్చు. అందుకని శీకాయ సారం పేరు సెంటు పేరుకు అటూ ఇటూ కనిపిస్తే, అందులో శీకాయ ఎంతుందో అర్థమైపోతుంది. ఆయుర్వేద మందుగా లైసెన్సు తీసుకున్న షాంపూలది ఇంకో రకం. వాటిల్లో చాలా సీసాల మీద ప్రతి 10 మిల్లీలీటర్లకు ఇన్ని మిల్లీగ్రాముల భృంగరాజ్, ఇన్ని మిల్లీగ్రాముల రీఠా (మన కుంకుడే) అని ముచ్చటగా రాసి, చివర 'షాంపూ బేస్, తగినంత' అని వదిలేస్తారు. నెత్తికి తగిలేదాంట్లో ఎక్కువ భాగం ఆ బేసే. అందులో ఏముందో రాయరు. అలర్జీ ఉన్న మనిషికి కావలసిన సమాచారమంతా ఆ ఒక్క మాట వెనక ఉండిపోతుంది. ఇది మారాలి. మూలికల పేర్లు చెప్పినంత వివరంగా బేస్ సంగతి చెప్పమని నియమం రావాలి.

పిల్ల ఫోనులో తన జాబితా పెట్టుకుంది. సోడియం లారిల్ సల్ఫేట్ అనే నురగ రసాయనం ఉన్నవి పక్కన పెట్టింది. చర్మ పరిశోధకులు చర్మాన్ని కావాలని రేపి చూడాల్సి వచ్చినప్పుడు వాడే నమూనా పదార్థం అదే. సోడియం లారెత్ సల్ఫేట్ దానికంటే మెత్తన. కొబ్బరినూనె, మొక్కజొన్న చక్కెరల నుంచి చేసే గ్లూకోసైడ్లు ఇంకా మెత్తన. అయితే 2017లో అదే అమెరికా సంఘం ఈ గ్లూకోసైడ్లనే ఆ ఏటి అలర్జీ కారకంగా ఎంచింది. మొక్క నుంచి వచ్చాయి కాబట్టి అందరికీ పడతాయనుకోవడానికి లేదు. టీ ట్రీ నూనె, పుదీనా నూనె ఉన్నవాటిని కూడా ఆమె తీసేసింది. చల్లగా ఉంటుందని అంగట్లో అమ్మాయి ఎంత చెప్పినా వినలేదు. చివరికి వాసనలేని, రంగులేని, పీహెచ్ 5.5 అని రాసిన, ఐసోథయజోలినోన్లు లేని మామూలు సీసా ఒకటి మిగిలింది. దాని మీద ఒక్క ఆకు బొమ్మ కూడా లేదు.

"చిన్నమ్మా, మనం వచ్చింది సహజమైనదాని కోసం కదా?" అంది.

"నెత్తి సహజంగా ఉండటం కోసం," అన్నాను. అప్పటికి తోచిన మాట అది. ఇప్పటికీ నా అభిప్రాయం అదే.

ఊళ్లో ఒక పెద్దాయన, ఆయుర్వేద వైద్యుడు, మాకు పరిచయం. సాయంత్రం ఆయన దగ్గరికి పోయాం. 1983లో దేవస్థానం తిరుపతిలో ఆయుర్వేద కళాశాల పెట్టినప్పటి నుంచీ ఊళ్లో ఈ వైద్యానికి ఆదరణ పెరిగిందని ఆయన అంటారు. ఆయన షాంపూ గురించి కాకుండా నీళ్ల గురించీ నూనె గురించీ మాట్లాడారు. వేడినీళ్లు మెడ కింద పోసుకుంటే బలం, తల మీద పోసుకుంటే జుట్టుకూ కళ్లకూ చేటు అని అష్టాంగహృదయం చెబుతుందట. గోరువెచ్చన దాటనివ్వొద్దన్నారు. నూనె విషయంలో ఆయన మాట నాకు కొత్తగా అనిపించింది. పొట్టు రాలుతున్న మాడుకు నూనె దట్టించొద్దన్నారు. చర్మవైద్యులు చెప్పేదీ అదే. మాడు మీద ఉండే మలసీజియా అనే శిలీంధ్రం కొవ్వు తిని బతుకుతుంది. నూనె ఎంత పెడితే అది అంత పెరుగుతుంది. ఇంకో చిక్కు కూడా ఉంది. నూనె దట్టంగా పెడితే దాన్ని దించడానికి ఘాటైన సరుకు కావాలి, ఆ ఘాటుకు చర్మం ఎండుతుంది, ఎండిందని మళ్లీ నూనె పెడతాం. మా ఇళ్లలో శుక్రవారం తలంటు ఇలాగే నడుస్తుంది. నూనె తగ్గించుకుంటే చిగరాకు లాంటి మెత్తని సరుకే సరిపోతుంది. ఏ షాంపూ ఎంచుకోవాలన్న ప్రశ్నకు సగం జవాబు తలకు ఎంత నూనె పెడుతున్నామన్నదాంట్లోనే ఉందని నాకు అక్కడ తెలిసింది.

మర్నాడు శ్రీవారి మెట్టు దారిన కొండెక్కాం. శ్రీనివాస మంగాపురం దగ్గర మొదలయ్యే ఈ దారిలో మెట్లు 2,388. అలిపిరి దారిలో 3,550. అలిపిరి కంటే మా దారికి దూరం తక్కువ, నిటారు ఎక్కువ. చెమటకు పిల్ల మాడు చురుక్కుమంది. చెమటలో ఉప్పు పొక్కిన చర్మానికి అలాగే ఉంటుంది. తడిగుడ్డతో అద్దుకుంటూ ఎక్కింది.

కల్యాణకట్టలో గుండు కొట్టడానికి డబ్బు తీసుకోరు. టోకెనుతో పాటు బ్లేడు ఇస్తారు. ఆడవాళ్లకు ఆడ క్షురకులు ఉన్నారు. మా పిల్ల ఎదురుగా కూర్చున్నామె తల తడిపి, వేళ్లతో తడిమి, పొక్కుల దగ్గర చెయ్యి నెమ్మదిచేసింది. రోజూ ఎన్ని తలలు చూస్తుందో, ఏమీ అడగకుండానే అర్థం చేసుకుంది.

"నెత్తి బాగలేదు కదమ్మా. మెల్లగానే చేస్తా. బయట అమ్మే గంధం పూసుకోవద్దు, అన్నీ రంగులూ సెంట్లూ. అసలు గంధం చెక్క అరగదీసి ఉంటే సరే. లేకుంటే ఉత్త నీళ్లే."

పట్టీల పరీక్ష కాగితంలో ఉన్న మాట ఆమె నోట వినిపించింది. కత్తి వెంట్రుకతోపాటు చర్మం పైపొరను కూడా కొంత గీస్తుంది. కంటికి కనిపించని గాట్లు పడతాయి. మామూలప్పుడు లోపలికి దిగని సెంటు, రంగు ఆ గాట్లలోంచి దిగుతాయి. గుండు మీద పసుపుపచ్చగా పూసుకున్న పొడితో మంట పుట్టి ఏడ్చే పిల్లల్ని కొండ మీద ఎప్పుడూ చూస్తాం. తల్లులు ఎండ వల్ల అనుకుంటారు.

తలనీలాల మొక్కుకు చెప్పే కథ కూడా మాడుదే. పుట్టలో ఉన్న శ్రీనివాసుడికి గొల్లవాడి గొడ్డలి దెబ్బ తగిలి, ఆ గాయమైన చోట జుట్టు మొలవలేదట. నీలాదేవి చూసి తన జుట్టు కోసి అక్కడ అతికించిందట. స్వామి మెచ్చి, భక్తులు ఇచ్చే నీలాలు ఆమెకే చెందుతాయన్నాడని చెబుతారు. ఏడు కొండల్లో నీలాద్రి ఆమె పేరున ఉంది. చిన్నప్పటినుంచీ విన్న కథే అయినా, గాయమైన నెత్తి ఉన్న పిల్ల పక్కన కూర్చుని తలుచుకుంటే నాకు గొంతు పట్టేసింది. దెబ్బ తిన్న చోటు చూసి చలించిన మనిషి కథ అది.

స్నానాల గదిలో వేడినీళ్లు వస్తున్నా చన్నీళ్లు కలుపుకుని పోసుకుంది. సబ్బు లేదు, కుంకుడు లేదు. మెత్తటి నూలు తువ్వాలుతో అద్దింది, రుద్దలేదు. ఎండలో తిరిగేటప్పుడు నూలు గుడ్డ కట్టుకుంది. దర్శనం క్యూలో గంటల తరబడి నిలబడ్డా గోక్కోలేదు. లడ్డు చేతిలో పెట్టుకుని బయటికొచ్చాక మా అక్కకు ఫోను చేసింది.

"గుండుకు ఏం రాసినావే? కొబ్బరినూనె రాసుకో, చల్లగుంటాది," అంటోంది అక్క.

"వద్దుమా. గాట్లు మానేదాకా నీళ్లే. ఆ తర్వాత వాసన లేని ఆ సీసా, అదీ వారానికి రెండు తూర్లు. చెయ్యి మీద చిగరాకు ఇంకా చూస్తావుండా. ఏం కాకుంటే జుట్టు వేలెడు పెరిగినాక దానికి మారతా. నురగ తక్కువని నువ్వు మళ్లీ శీకాయ పొడి ఆడించొద్దు. బాత్రూములో ఉన్న పాత సీసాలు తీసేయి. దిండు గలీబులు కూడా సెంటు లేని సబ్బుతో ఉతుకు, నెత్తి రాత్రంతా తగిలేది వాటికే."

అక్క ఏదో అడ్డు చెప్పింది. పిల్ల ఓపిగ్గా మళ్లీ మొదటినుంచి చెప్పుకొచ్చింది. నేను నేరబైలు కుంకుళ్ల సంచి తెరిచి, గింజలున్న కాయలు ఇంకా ఎన్ని మిగిలాయో చూసుకున్నాను. అవి నావి. ఆమెకు వాటి అవసరం ఇప్పట్లో రాదు.